కోవళంలో సీ కయాక్ క్లాస్: పెద్ద అలలు నేర్పిస్తామన్నారు, నేర్పించారా?

చెన్నైలో కయాకింగ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్. కదలని నీళ్ళు, లైఫ్ జాకెట్, ఒక గంట తిప్పి ఒడ్డుకు చేర్చడం, నాలుగు ఫోటోలు. తప్పేం లేదు, పిల్లలతో వెళ్ళడానికి బాగానే ఉంటుంది. కానీ నేను రాస్తున్నది దాని గురించి కాదు. ముట్టుకాడు వంతెన దాటి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కాస్త ముందుకెళ్తే వచ్చే కోవళంలో ఒక చిన్న టీమ్ సముద్రంలోనే, అలలు విరిగే చోటే కయాక్ నడపడం నేర్పిస్తోంది. శని, ఆదివారాల్లో పొద్దున్నే రెండు పూటల కోర్సు. పేరు రాయడం లేదు. మెచ్చుకోవడంతో పాటు తిట్టాల్సినవీ ఉన్నాయి, నలుగురైదుగురు కలిసి నడుపుకునే చిన్న వ్యాపారం, నా ఒక్క అనుభవంతో వాళ్ళ పొట్ట కొట్టడం ఎందుకు. ఏది చూసుకుని ఎంచుకోవాలో మాత్రం వివరంగా రాస్తాను, ఈ తీరంలో ఎక్కడ చేరినా పనికొస్తుంది.

ముందు ఒక్క మాట. ఈ క్లాస్ కండబలం గురించి కాదు. మా బ్యాచ్‌లో జిమ్ బాడీ ఉన్న కుర్రాడు అందరికంటే ఎక్కువసార్లు బోల్తా పడ్డాడు. అందరికంటే తక్కువ తడిసింది మా ఆఫీసులోనే పనిచేసే కాకినాడ అక్క. ఆవిడకి ఈత అంతంతమాత్రం, భయం మాత్రం దండిగా ఉంది. ఆ భయం వల్లే చెప్పిన చోట ఆగింది, వెళ్ళమన్నప్పుడే వెళ్ళింది. (ఈత అస్సలు రానివాళ్ళని తీసుకోరు. నడుము లోతులో దింపి తల ముంచి లేవమని, కొంత దూరం ఈదమని చూస్తారు. మంచి పని.)

నేర్పించే ఇద్దరిలో ఒకతను కోవళం కుర్రాడే, మత్స్యకారుల కుటుంబం. తెలుగు రాదు, ఇంగ్లీషు కొంచెం, మిగతాదంతా తమిళం. చెన్నైలో కాలం గడిపిన ఎవరికైనా అర్థమవుతుంది, కొత్తగా హైదరాబాద్ నుంచి దిగినవాళ్ళకి మొదటి గంట కష్టమే. వచ్చీ రాగానే కయాక్ ఎక్కించలేదు. అందరినీ తడి ఇసుకలో కూర్చోబెట్టి సముద్రాన్ని చూడమన్నాడు. అంతే. ఎంతసేపటికీ లేవనివ్వడే! పక్కన ఒకరిద్దరు ఫోన్లు తీశారు, "దీనికేనా డబ్బులు కట్టింది" అని గొణుగుడు కూడా మొదలైంది. నా లెక్కలో మొత్తం కోర్సులో పైసా వసూల్ భాగం అదే. అలలు ఒకే సైజులో రావు, గుంపులుగా వస్తాయి. చిన్నవి కొన్ని, తర్వాత వరసగా పెద్దవి, ఆ తర్వాత కాసేపు సముద్రం సద్దుమణిగినట్టు ఉంటుంది. ఆ సందులోనే బయటికి వెళ్ళాలి. ఎక్కడో దూరంగా నీటి గీత కాస్త ముదురు రంగులో ఉబ్బినట్టు కనిపించగానే అతను "ఇరుంగ అన్నా, ఇరుంగ" (ఆగండి అన్నా, ఆగండి) అనేవాడు, నాకేమో అక్కడ ఏమీ కనిపించేది కాదు. కాసేపటికి చూస్తే ఆ గుంపులోని పెద్దది మా ముందు గోడలా లేచి ధన్‌మని పడేది. పొద్దెక్కేసరికి ఆ గీత నాకూ కనిపించడం మొదలైంది.

అల ఎక్కడ విరుగుతుందో కూడా ఇసుక మీదే చెప్పాడు. నీటి లోతు అల ఎత్తుకి సుమారు 1.3 రెట్లకి తగ్గినప్పుడు అల నిలవలేక విరుగుతుంది. అంటే మీటరు అల మనిషి ఛాతీ లోతు నీళ్ళలో విరుగుతుందన్నమాట. విరుగుతున్న తెల్ల గీతని చూస్తే కింద ఇసుక తిన్నె ఎక్కడుందో తెలిసిపోతుంది. ఒడ్డు నిదానంగా వాలి ఉన్నచోట అల పైనుంచి నురగ జారుతూ మెల్లగా విరుగుతుంది, దానితో నేర్చుకోవచ్చు. ఒడ్డు నిటారుగా ఉన్నచోట ఒక్కసారిగా చుట్టుకుని మొత్తం బరువుతో కిందకి పడుతుంది, దాని జోలికి పోకూడదు. ఘనమీటరు సముద్రపు నీళ్ళు టన్ను పైనే తూగుతాయి, అది ఇసుక మీద పడే చోట మనం ఉండక్కర్లేదు. మేం దిగిన చోట పోటు మీద అల నేరుగా ఒడ్డు మీదే పడుతోంది, పాటులో కాస్త దూరంగా తిన్నె మీద విరిగి నురగై వస్తోంది. చెన్నైలో పోటుకీ పాటుకీ తేడా మీటరు అటూఇటూ ఉంటుందంతే, అయినా ఆ కాస్త తేడాకే క్లాస్ టైమ్ మార్చారు. ముందురోజు రాత్రి "ఆరున్నర కాదు, ఏడున్నర" అని మెసేజ్ వస్తే విసుక్కున్నాను, కారణం చెప్పాక ఊరుకున్నాను.

ఇక పడవ సంగతి. మొదటి పూట పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాక్‌లు. వాటి అడుగున రంధ్రాలుంటాయి, నీళ్ళు చేరినా వాటంతటవే పోతాయి, పడితే మళ్ళీ ఎక్కడం తేలిక. రెండో పూట అసలైన సీ కయాక్, సన్నగా పొడుగ్గా అయిదు మీటర్లుంటుంది, కాళ్ళు లోపలికి చాపుకుని కూర్చోవాలి, నడుముకి తొడిగిన స్ప్రే స్కర్ట్‌ని, అంటే నీళ్ళు లోపలికి రాకుండా కప్పే గుడ్డని, కాక్‌పిట్ (మనం కూర్చునే గుంత) అంచుకి బిగించాలి. నిలవ నీళ్ళలో కత్తిలా వెళ్తుంది, విరిగే అలల్లో మాత్రం దాని పొడుగే దానికి శత్రువు. ముక్కు నీళ్ళలోకి దిగబడుతుంది, లేదంటే అడ్డం తిరుగుతుంది.

బయటికి వెళ్ళడం అనుకున్నంత కష్టం కాదు. పడవ ముక్కుని అలకి నేరుగా ఎదురు పెట్టాలి, ఆగకూడదు. ఆగిన పడవని అల వెనక్కి తోసి అడ్డం తిప్పేస్తుంది. ఇంకా విరగని అల అయితే మరీ జోరుగా వెళ్ళక్కర్లేదు, వెళ్తే ముక్కు గాల్లోకి లేచి అవతల దబ్బుమని పడుతుంది, నడుం పట్టేస్తుంది. మీద విరగబోతున్న అల అయితే ముందుకు వంగి, తల దించి, తెడ్డు బ్లేడ్‌ని అలలోకి దింపి లాగాలి. ఒక తప్పు గురించి పదేపదే హెచ్చరించాడు: తెడ్డుని ఛాతీకి అడ్డంగా పట్టుకుని అలకి ఎదురెళ్ళడం. అల ఆ కర్రని తెచ్చి నేరుగా పళ్ళకి కొడుతుంది. చెప్పడానికి తన ముందు పన్నే చూపించాడు, సగం విరిగి ఉంది. ఆ తర్వాత ఎవరూ అలా పట్టుకోలేదు.

కష్టమంతా తిరిగి రావడంలో ఉంది. ఒడ్డు కనిపిస్తుంటుంది, ఇడ్లీ వాసన గుర్తొస్తుంటుంది, వెనక నుంచి వచ్చేది కనిపించదు. అలలు విరిగే గీతకి బయటే ఆగి, మెడ తిప్పి వెనక్కి చూస్తూ, పెద్ద గుంపు మొత్తాన్ని పోనివ్వాలి. చివరి అల మన కింద నుంచి వెళ్ళగానే దాని వీపు మీద, దాని వెనకే తెడ్డు వేసుకుంటూ రావాలి. దాన్ని దాటి ముందుకి పోకూడదు. వెనకాల ఇంకోటి లేస్తే వెనక్కి తెడ్డు వేసి దాన్ని పోనివ్వాలి. అల మీద జారుతూ రావడం చూడటానికి సరదాగా ఉంటుంది కానీ అయిదు మీటర్ల పడవతో అది సర్ఫింగ్ కాదు. మొదట సంతోషంగా పరుగెడుతుంది, వెనక తెడ్డుని చుక్కానిలా పెట్టి ఎంత ఆపినా ఒక దశలో అడ్డం తిరిగే తీరుతుంది. అడ్డం తిరిగాక ఏం చేయాలన్నదే ఈ కోర్సులో అసలు పాఠం.

అడ్డం తిరిగిన పడవలో కూర్చున్నప్పుడు నురగ గోడ పక్కనుంచి వస్తుంటే ఒళ్ళు తనంతట తానే ఒడ్డువైపు, అంటే అలకి దూరంగా వాలిపోతుంది. అలా వాలితే పని అయిపోయినట్టే, క్షణంలో తలకిందులు. వాలాల్సింది అలవైపు. తిరుమల క్యూలో పక్కనుంచి తోపు వస్తే భుజం అటే ఆనించి నిలదొక్కుకుంటాం చూడండి, అదే పద్ధతి. కాకినాడ అక్క ఒడ్డున ఉన్నప్పుడు "అటు వంగాలా, ఇటు వంగాలా తమ్ముడూ, ఒక్కటి చెప్పు" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. మాటల్లో ఎంత చెప్పినా ఒంటికి ఎక్కదు. అందుకే వాళ్ళు నడుము లోతు నీళ్ళలో పడవని అడ్డంగా పట్టుకుని, మనల్ని కూర్చోబెట్టి, చిన్న నురగ వచ్చినప్పుడల్లా వదిలేస్తారు. మళ్ళీ తీసుకెళ్తారు, మళ్ళీ వదుల్తారు. విసుగొచ్చేదాకా ఇదే.

అది కుదిరిన క్షణం చెప్తాను. నురగ నడుము ఎత్తులో వచ్చింది. మోచేతులు తెడ్డుకి పైన ఉండేలా, కిందకి నొక్కుతున్నట్టు పట్టుకుని బ్లేడ్ వెనక వైపుని నురగ మీద ఆనించాను, నడుముని అలవైపు వంచాను. నురగ గట్టిగా ఉంది! నీళ్ళలో గాలి కలిసిన తెల్లటి ముద్ద, అయినా బరువు మోస్తోంది. పడవ పక్కకి జర్రున జారుతూ ఒడ్డువైపు పోతోంది, చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ లేదు, మోచేతి దాకా నురగలో మునిగిన చేయి వణుకుతోంది కానీ తెడ్డు దిగిపోవడం లేదు, చివరికి అడుగున ఇసుక గరగరమని తగిలేదాకా నేను పడలేదు. పెద్ద అల అయితే, నురగ భుజం దాకా వస్తే, మోచేతులు కిందకి దించి, ఒంటికి అంటించి, తెడ్డుని పైనుంచి వేలాడినట్టు ఆనించాలి. అక్కడ చేతులు తలపైకి పోకూడదు. చేయి పైకి చాచి ఉన్నప్పుడు అల లాగితే భుజం కీలు ఊడిపోతుంది. కయాక్ వాళ్ళకి బాగా తెలిసిన దెబ్బ అది.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. ఇంత ప్రమాదం ఉందని తెలిసి కూడా, ఎవరికైనా గతంలో భుజం జారిందా అని నోటితో ఒక్కరూ అడగలేదు. రెండు పేజీల ఫారం ఇచ్చారు, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాలు, అందరం నిలబడి బైక్ సీటు మీద పెట్టి సంతకం చేసేశాం. మా బ్యాచ్‌లో ఒకాయనకి కాలేజీ రోజుల్లో క్రికెట్‌లో భుజం ఊడిందట, ఆయన తనంతట తానే మధ్యలో చెప్పాడు కాబట్టి సరిపోయింది. వెంటనే ఆయన్ని పెద్ద అలల్లోకి పోనివ్వలేదు, అది మెచ్చుకోవాలి. కానీ అడగాల్సింది మొదట్లోనే కదా.

రెండోది సామాన్లు. లైఫ్ జాకెట్లు బాగున్నాయి, పట్టీలు గట్టిగా ఉన్నాయి, ఒక్కొక్కరివీ వాళ్ళే లాగి చూశారు. హెల్మెట్లు మాత్రం ఒకటే సైజు, నాది కళ్ళ మీదకి జారుతూనే ఉంది. స్ప్రే స్కర్ట్‌ల సంగతి మరీ ఘోరం. రబ్బరు అంచు సాగిపోయి, మొదటి అల ఒళ్ళో పడగానే టప్పున ఊడొచ్చింది. కాక్‌పిట్ నిండిందంటే వంద లీటర్ల పైమాటే, అంటే క్వింటాల్ బరువు పడవలో అటూ ఇటూ ఊగుతుంటుంది, బ్యాలెన్స్ మన చేతుల్లో ఉండదు. ఇంత నేర్పు ఉన్న టీమ్ ఇలాంటి పాత సరుకు ఎందుకు పెట్టుకుంటుందో నాకర్థం కాలేదు. అడిగితే "కొత్తవి ఆర్డర్ పెట్టాం అన్నా" అన్నారు. ఆ మాట నెలల క్రితం వెళ్ళిన మా ఫ్రెండ్‌కి కూడా చెప్పారట!

బోల్తా పడటం మాత్రం బాగా నేర్పించారు. స్కర్ట్ బిగించిన పడవలో తలకిందులైతే కంగారులో వెనక్కి వంగుతాం, అది తప్పు. ముందుకి ముడుచుకోవాలి, దానివల్ల మొహం అడుగుకి తగలదు, స్కర్ట్ ముందున్న లూప్ చేతికి దొరుకుతుంది, దాన్ని లాగి, అంచుని తోసుకుంటూ ప్యాంటు విప్పినట్టు బయటికి జారాలి. బయటికొచ్చాక పడవకీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. నీళ్ళు నిండిన పడవని అల తెచ్చి మోకాళ్ళకి కొడితే ఎముకలు విరుగుతాయి. ఎప్పుడూ సముద్రంవైపు ఉండి, పడవ కొసన ఉన్న హ్యాండిల్ పట్టుకోవాలి. దీని మీద వాళ్ళు ఏమాత్రం రాజీపడలేదు. జిమ్ కుర్రాడు ఒకసారి ఒడ్డువైపు నిలబడి పడవ లాగబోతే, అప్పటిదాకా అన్నా అన్నా అంటున్న మనిషి అరిచిన అరుపుకి బీచ్‌లో కుక్కలు లేచాయి.

స్కర్ట్‌తోనే తిరగబడి మళ్ళీ పైకి లేచే రోల్ ఈ కోర్సులో లేదు. దానికి స్విమ్మింగ్ పూల్‌లో వేరే క్లాస్ ఉందట, వేరే ఫీజు. ఉంటే బాగుండేది కానీ రెండు పూటల్లో అది కూడా పెడితే ఏదీ సరిగ్గా రాదు, కాబట్టి దీన్ని తప్పుగా లెక్కేయను.

వాతావరణం చూసే పద్ధతి నాకు బాగా నచ్చింది. టీమ్‌లో రెండో అతను ఫోన్‌లో ఇన్‌కాయిస్ ఫోర్‌కాస్ట్ చూపించాడు. అది మన హైదరాబాద్‌లోనే ఉన్న సంస్థ, సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తానికి సముద్రం సంగతి చెప్తారు. అందులో అల ఎత్తు ఒక్కటే చూసి మురిసిపోవద్దన్నాడు. వాళ్ళిచ్చే ఎత్తు, వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతుకి సగటు మాత్రమే. మీటరు అని ఉంటే మధ్యలో ఎప్పుడో దాదాపు రెట్టింపు కూడా రావచ్చు. దానితో పాటు పీరియడ్ చూడాలి, అంటే ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సెకన్లు. అయిదు సెకన్ల అలలు దగ్గర్లో గాలికి పుట్టినవి, లోతు నీళ్ళలో గంటకి 28 కిలోమీటర్ల వేగంతో వస్తాయి, గజిబిజిగా ఉంటాయి. పది సెకన్లవి ఎక్కడో దూరంలో పుట్టి గంటకి 56 కిలోమీటర్ల వేగంతో వస్తాయి, సముద్రం ప్రశాంతంగా కనిపిస్తూనే ఒడ్డు దగ్గర ఒక్కసారిగా లేస్తాయి. దక్షిణ సముద్రాల నుంచి వచ్చే ఉప్పెనలాంటి అలలకి, అదే కల్లక్కడల్‌కి, ఇన్‌కాయిస్ హెచ్చరిక ఇస్తే ఆ రోజు క్లాస్ ఉండదు.

ఇంకోటి, జూన్ నుంచి ఆగస్టు దాకా చెన్నైలో పొద్దున పూట గాలి తరచూ పడమటి నుంచి, అంటే నేల నుంచి సముద్రంవైపు వీస్తుంది. ఆ గాలికి ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయి, కొత్తవాళ్ళకి భలే నచ్చుతుంది. కానీ ఆ గాలే పడవని తెలియకుండా లోపలికి తోసుకుపోతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి. అలాంటి పూట అలలు విరిగే గీత దాటి ఎవరినీ పోనివ్వం అని చెప్పారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ ఈశాన్య రుతుపవనాల్లో కొత్త బ్యాచ్‌లు అసలు పెట్టరట. ఎవరైనా నవంబర్‌లో "బిగినర్స్ వెల్‌కమ్" అని బోర్డు పెడితే అటు వెళ్ళకండి.

ఇందులోనే మూడో ఫిర్యాదు ఉంది. సముద్రం బాగోలేక క్లాస్ రద్దయితే డబ్బులు వెనక్కి ఇస్తామని బుకింగ్ మెసేజ్‌లో స్పష్టంగా ఉంది. మాతో బుక్ చేసిన ఒక జంటకి అలా రద్దయితే డబ్బులివ్వలేదు, వేరే తేదీ ఇస్తామన్నారు. వాళ్ళేమో బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చారు. రద్దు చేయడం సరైన నిర్ణయమే, దాని ఖర్చు కస్టమర్ మీద రుద్దడం సరికాదు. మా బ్యాచ్ అందరం కలిసి అడిగితే సగం ఇచ్చారు.

ఫీజు ఐదంకెలు దాటలేదు కానీ తక్కువేం కాదు. అందులో ఫోటోలు ఉండవు, డ్రోన్ వీడియోకి వేరే వసూలు. అది తీసుకోవద్దు, నెత్తిమీద జుయ్యిమంటుంటే అల చప్పుడు వినిపించదు, మాకు చెప్పేవాడి కేక కూడా వినిపించదు. బట్టలు మార్చుకోవడానికి రేకుల గది ఒక్కటే, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అదే, గొళ్ళెం సరిగ్గా పడదు. అక్క ఇంటినుంచే లోపల స్విమ్మింగ్ డ్రెస్ వేసుకొచ్చింది, మీరూ అలాగే రండి. ఫుల్ చేతుల టీషర్ట్, తడిసినా ఊడని చెప్పులు, కళ్ళజోడుంటే దానికి తాడు. సన్‌స్క్రీన్ నుదుటి మీద రాయకండి, ఉప్పునీళ్ళతో కారి కళ్ళు మండిపోతాయి.

షోళింగనల్లూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్) మీద కేళంబాక్కం దాకా వచ్చి ఎడమకి తిరిగితే నేరుగా కోవళం, ఈసీఆర్ మీద ఉత్తండి టోల్ తప్పుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే దారిలో టిఫిన్ చేయండి, క్లాస్‌కి ముందు మాత్రం అరటిపండుకి మించి తినొద్దు. పూరీ తిని వచ్చినాయన సంగతి నేను రాయను.

నేనైతే ఐదుకి మూడున్నర ఇస్తాను. నేర్పే తీరుకి ఐదూ ఇవ్వొచ్చు, మిగతాదంతా సామాన్లూ కాగితాలూ తినేశాయి. సముద్రంలో ఒంటరిగా కయాక్ వేసుకుని తిరగాలనుకునేవాళ్ళకి ఇది చాలదు, చాలుతుందని వాళ్ళూ అనలేదు. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లోనే మూడు విషయాలు అడగండి: స్ప్రే స్కర్ట్‌లు కొత్తవి వచ్చాయా, ఒక్కొక్క టీచర్‌కి ఎంతమంది, రద్దయితే డబ్బా తేదీయా. చివరిదానికి జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.